మెనుకి వెనుక వైపు: ఒక చిన్న జపాన్ లోహాలంకారం కాలనిర్ణయం

చిన్న లోహ వస్తువులను చారిత్రక ఆధారాలుగా పరిశీలించేటప్పుడు విద్యార్థులు సాధారణంగా ముందు వైపు మాత్రమే చూస్తారు. ఆ అలవాటు ఎంత తప్పుదోవ పట్టిస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున్న బ్రోచ్ ఒకటి మీ ముందు ఉందనుకోండి. నీలిఛాయ గల నల్లని లోహంతో చేసిన డ్రాగన్, అక్కడక్కడ బంగారు మెరుపు, వెనుక పిన్ను. పిన్నును బట్టి దీనిని పందొమ్మిదో శతాబ్దం చివర పాశ్చాత్య స్త్రీల కోసం చేసిన నగ అని రాసేస్తారు. అందులో సగమే నిజం కావచ్చు.

జపాన్ కత్తి పిడికి ఒక సముద్రపు చేప గరుకు తోలు తొడిగి, దానిపై పట్టుతాడు చుట్టేవారు. ఆ చుట్ల కింద, పిడికి రెండు వైపులా ఒక్కొక్కటిగా అమర్చే జంట అలంకారాలే ‘మెనుకి’. కత్తి అలుగును పిడిలో నిలిపే ‘మెకుగి’ అనే మేకుతో వీటికి మొదట సంబంధం ఉండేది. ఎదో యుగం (1603–1868) నాటికి ఇవి చాలావరకు అలంకారాలుగానే మిగిలాయి.

ముందుగా లోహం. మన ఉదాహరణలోని నల్లని లోహం ‘షకుదో’. రాగిలో కొద్ది శాతం బంగారం కలిపి, వస్తువు తయారయ్యాక రాగి లవణాలున్న ద్రావణంలో ఉడికిస్తే ఈ నలుపు వస్తుంది. బీదరీ పనితనం చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అక్కడ తుత్తునాగం ప్రధానమైన మిశ్రమానికి బీదరు కోట మట్టితో నలుపు తెప్పిస్తారు. రెండింటిలోనూ నలుపు పూత కాదు, లోహపు ఉపరితలంలో వచ్చిన మార్పు. అది చాలా పలుచని పొర. రాగి చెంబును తోమినట్లు చింతపండుతో తోమితే ఆధారం నీళ్లలో కొట్టుకుపోతుంది. శుభ్రం చేయాలన్న మంచి ఉద్దేశంతోనే ఎన్నో వస్తువులు ఇలా పాడయ్యాయి.

ఇక వెనుక వైపు. అసలు విషయం ఇక్కడే ఉంది. మన కంసాలులు లక్కపై రేకును ఆనించి నగిషీ కొట్టినట్లే, జపాన్ పనివారు పైన్ బంక ముద్దపై రేకును ఉంచి, వెనుకనుంచి ఉబ్బెత్తుగా కొట్టి, ముందునుంచి చెక్కేవారు. అందువల్ల ముందున్న ప్రతి ఉబ్బుకు వెనుక ఒక గుంట ఉంటుంది, పనిముట్టు దెబ్బలు కనిపిస్తాయి. పోతపోసిన నకలులో వెనుక భాగం చదునుగా గాని గరుకుగా గాని ఉంటుంది, అంచులు మెత్తబడి ఉంటాయి. నిజమైన మెనుకి వెనుక చిన్న కాడ కూడా ఉండేది. జంటలో ఒకదానికి గట్టి కాడ, రెండోదానికి బోలు గొట్టం ఉండటం పరిపాటి. బ్రోచ్ వెనుక పిన్ను అతికిన చోటికి పక్కన ఆకురాయితో అరగదీసిన గుండ్రని మచ్చ కనిపిస్తే, అది తెగిపోయిన కాడ గుర్తు కావచ్చు. అతుకు వేడికి చుట్టూ నలుపు చెదిరి ఉందా అన్నదీ గమనించాలి.

సంతకం కనబడగానే పని అయిపోయిందనుకోకూడదు. అషికాగా యోషిమాసా కొలువులో పనిచేసిన గోతో యూజో (1440–1512) స్థాపించిన వంశం పదిహేడు తరాలు సాగింది. తొలి తరాల వారు సాధారణంగా తమ పనిపై పేరు చెక్కలేదు. తరువాతి తరాల వారే పూర్వీకుల పనిని గుర్తించి, ధ్రువపత్రాలు ఇచ్చారు. కొన్నిసార్లు వస్తువుపైనే ఆ నిర్ణయాన్ని చెక్కారు. పదమూడో తరం మిత్సుతాక అలా యూజో పేరు చెక్కితే, ఆ అక్షరాల వయసు పద్దెనిమిదో శతాబ్దం. యూజో పేరు కలిగిన వస్తువంతా యూజో కాలానిదే అనడానికి వీలులేదు. ప్రసిద్ధుల పేర్లతో దొంగ సంతకాలూ తక్కువేమీ కాదు.

మెనుకి బ్రోచ్‌గా ఎందుకు మారిందనడానికి సమాధానం 1876లో ఉంది. ఆ సంవత్సరం మెయిజీ ప్రభుత్వం సైనికులు, పోలీసులు, లాంఛన దుస్తుల్లోని అధికారులు మినహా ఇతరులు కత్తి ధరించరాదని ఆజ్ఞ జారీచేసింది. తరతరాలుగా కత్తి అలంకారాలపై బతికిన పనివారి చేతికింద పని తగ్గిపోయింది. కానో నత్సుఓ (1828–1898) వంటి నిపుణుడికి కొత్త నాణేల నమూనాలు చెక్కే అవకాశం దక్కింది. అనేకులు విదేశీ కొనుగోలుదారుల కోసం కూజాలు, పెట్టెలు, బొత్తాలు చేశారు. విడిపోయిన పాత మెనుకిలు వర్తకుల చేతుల్లో పడి నగలయ్యాయి.

కాబట్టి మన బ్రోచ్‌కు నమోదు పుస్తకంలో రెండు కాలాలు రాయాలి: మెనుకి చేసిన కాలం, దానిని మార్చిన కాలం. రెండోదానికి పిన్ను కొంత సాయపడుతుంది. తాళం లేని సాదా కొక్కెం ఉంటే మార్పు పందొమ్మిదో శతాబ్దంలోనే జరిగి ఉండవచ్చు. తిప్పి బిగించే తాళం ఇరవయ్యో శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. అమెరికాకు దిగుమతయ్యే వస్తువులపై 1891 నుంచి తయారైన దేశం పేరు ఉండాలన్న నిబంధన వచ్చింది. ‘నిప్పన్’ అనే ముద్ర 1921 వరకు చెల్లింది, ఆపై ‘జపాన్’ అని రాయవలసి వచ్చింది. ముద్ర లేనంత మాత్రాన వస్తువు 1891కి ముందుదని రాయవద్దు. ఇంత చిన్న వస్తువుల విషయంలో ముద్ర తరచుగా అట్టపైనో పెట్టెపైనో ఉండి, వాటితోపాటే పోయేది.