కత్యూషా పాట నుంచి జె-పాప్ దాకా

జపాన్ పాప్ సంగీతం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికుల వెంట వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అంతకు ముప్పై ఏళ్ల ముందే ఒక నాటకంలో దానికి విత్తనం పడింది.

1914 మార్చిలో టోక్యో ఇంపీరియల్ థియేటర్‌లో టాల్‌స్టాయ్ నవల 'రిజరెక్షన్'ను నాటకంగా ఆడారు. కత్యూషా పాత్రధారిణి సుమాకో మత్సుయికి ఒక పాట కావాల్సి వచ్చింది. దర్శకుడు హోగెత్సు షిమమురా ఆ పనిని తన ఇంట్లో ఉండి చదువుకున్న షింపెయి నకయామాకు అప్పగించాడు. బాణీ అటు జపాన్ జానపదానికీ, ఇటు ఐరోపా పాటకీ నడుమ ఉండాలన్నాడు. అప్పటికి బడిపంతులుగా ఉన్న నకయామా బాణీ కట్టి, చరణం మధ్యలో 'లా లా' అని చేర్చాడు. హాల్లో కూర్చున్న జనం గొంతు కలపడానికి! విన్నవాళ్లు పాడుకుంటూ ఇంటికెళ్లాలన్న ఆ ఆలోచనే నా దృష్టిలో జపాన్ పాప్‌కు అసలు పుట్టుక. పాట నాటకాన్ని దాటి ఊళ్లూ వీధులూ చుట్టేసింది.

ఆ తరం స్వరకర్తలకు పెద్ద ఆసరా ఒక ఐదు స్వరాల వరస. పాశ్చాత్య మేజర్ స్కేల్‌లోంచి నాలుగో స్వరాన్నీ ఏడో స్వరాన్నీ తీసేస్తే మిగిలేది అదే. మన లెక్కలో మ, ని లేని స రి గ ప ద, అంటే మోహన రాగ స్వరాలే. బడిపాటల వల్ల జపాన్ చెవులకు అది అప్పటికే అలవాటు. అందుకే పియానో మీద పలికినా పరాయిగా తోచలేదు. 1930లలో స్వరకర్త మసావో కోగా ఇలాంటి వరసలోనే విషాదాన్ని పలికించాడు. రియోయిచి హత్తోరి జాజ్ వైపు నడిచాడు. యుద్ధకాలంలో జాజ్ శత్రువు సంగీతమైపోయింది.

1945 తర్వాత అమెరికా స్థావరాల్లోని క్లబ్బులకు వాద్యకారులు కావాల్సి వచ్చారు. సాయంత్రమైతే టోక్యో స్టేషన్ల దగ్గర ట్రంపెట్లు, గిటార్లు పట్టుకుని కుర్రాళ్లు గుమిగూడేవారు. దళారులు వచ్చి, ఈ రాత్రికి డ్రమ్మర్ ఒకడు, శాక్సఫోన్ ఒకడు అంటూ ఏరుకుని ట్రక్కుల్లో ఎక్కించుకుపోయేవారు. ఆకలి వాళ్లకు స్వింగ్, బూగీ, కంట్రీ అన్నీ నేర్పింది. ఆ తర్వాత పరిశ్రమను నిలబెట్టినవాళ్లలో వాద్యకారులు తక్కువేం కాదు: 1955లో వతనబె ప్రొడక్షన్స్ పెట్టిన షిన్ వతనబె జాజ్ బ్యాండులో బేస్ వాయించినవాడే.

1961లో మూడు దారులు ఒకచోట కలిశాయి. జాజ్ పియానిస్టు హచిదాయ్ నకమురా బాణీ, ఎల్విస్‌ను అనుకరిస్తూ ఎదిగిన క్యూ సకమోతో గొంతు, రొకుసుకె ఎయి మాటలు. అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని వ్యతిరేకించిన 1960 ఉద్యమం ఓడిపోయిన బాధ ఆ మాటల వెనక ఉంది. కన్నీళ్లు జారకుండా తల పైకెత్తి నడుద్దామనే పాట అది. ఎత్తుగడ వింటే మళ్లీ అవే ఐదు స్వరాలు! సకమోతో ఒక్కో అచ్చును విరిచి, ఎగరేసి పాడాడు. 1963 జూన్‌లో అది అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది, అదీ జపనీస్‌లోనే. అక్కడ దానికి పాటతో ఏ సంబంధమూ లేని 'సుకియాకి' అనే వంటకం పేరు తగిలించడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

1966లో బీటిల్స్ టోక్యో బుడోకాన్‌లో పాడాక ఎలక్ట్రిక్ గిటార్ల బృందాలు ముమ్మరంగా పుట్టుకొచ్చాయి. అప్పుడొచ్చింది అసలు తగవు: రాక్‌ను జపనీస్‌లో పాడొచ్చా? ఇంగ్లిష్‌లో పాడితేనే ప్రపంచం వింటుందని రాక్ గాయకుడు యూయా ఉచిదా వర్గం వాదించింది. 'హ్యాపీ ఎండ్' బృందం 1971లో జపనీస్‌లోనే పాడిన 'కజెమాచి రోమన్' ఆల్బమ్‌తో జవాబిచ్చింది. ఆ బృందంలో బేస్ వాయించిన హరుఒమి హొసొనో 1978లో ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రాతో సింథసైజర్ల బాట పట్టాడు. అదే బృందంలో డ్రమ్మరూ గీతరచయితా అయిన తకాషి మత్సుమోతో 1980లలో సెయికో మత్సుదా వంటి యువ తారలకు పాటలు రాసి ఇంటింటికీ చేరాడు. 1988లో టోక్యోలో జె-వేవ్ ఎఫ్ఎం మొదలైంది. జె-పాప్ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది ఆ రోజుల్లోనే.