గాజుతొట్టిలో సముద్రం

ఎల్లారెడ్డిపేట ప్రాంతంలో కురిసిన వాన వాగులలో చేరి, మానేరులో కలిసి, గోదావరి వెంట బంగాళాఖాతానికి పోవుచున్నది. అక్కడికి సముద్రతీరం 300 కిలోమీటర్లకు పైగా దూరం. నీరు సముద్రానికి పోవడం ప్రకృతిసిద్ధం. సముద్రపు ప్రాణి ఒకటి ఇంతదూరం లోపలి భూమికి వచ్చి, ఒక ఇంటి గాజుతొట్టిలో ప్రాణంతో నిలవడం మాత్రం మనుషులు కష్టపడి నేర్చుకొన్న విద్య. ఆ విద్య ఎట్లు అలవడినదో తెలుసుకొనడానికి గొట్టపు అనిమోను మంచి ఉదాహరణ.

అనిమోనులు చూపునకు పువ్వులు, నిజానికి జంతువులు. ప్రవాళాలకు, జెల్లీచేపలకు బంధువులు. సాధారణపు అనిమోను అడుగున పీఠం వంటి భాగంతో రాతిని అంటుకొని ఉండును. గొట్టపు అనిమోనుకు ఆ పీఠం లేదు. అది మెత్తని ఇసుకలోనో, బురదలోనో నిలువుగా దిగి, తనచుట్టూ తానే తోలువంటి గొట్టం కట్టుకొనును. దంశకణాలలో ఒక ప్రత్యేకమైన రకం విడిచే దారాలే ఆ గొట్టానికి నూలు. ఈ కణాలు వేరొక జాతివని 1977లో గాని స్పష్టంగా తేలలేదు. నోటిచుట్టూ పొట్టి స్పర్శకాలు ఒక వరుస, అంచున పొడవైనవి మరొక వరుస. బెదరినచో రెప్పపాటులో అన్నియు గొట్టంలో దాగును.

ఇటువంటి ప్రాణులను ఇంటిలో ఉంచవలెనన్న కోరిక 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ప్రబలినది. 1846లో ఆనా థిన్ అనే మహిళ టార్కీ తీరాన ప్రవాళజీవులను సేకరించి లండనుకు తెచ్చినది. సముద్రజలం మాటిమాటికి తెప్పించడం కష్టం. అందుచేత ఒక పనిపిల్ల ప్రతిదినం తెరచిన కిటికీ దగ్గర నిలిచి, ఆ నీటినే ఒక పాత్రనుండి మరొక పాత్రలోనికి అరగంట, ముప్పావుగంట సేపు పోయుచుండెడిది. గాలిలోని ఆమ్లజని నీటిలో కరగడానికి అది ఉపాయం. నేడు విద్యుత్ పంపు చేయుచున్న పని అదే. థిన్ పేరు గ్రంథాలకెక్కినది. నీరు పోసిన పిల్ల పేరు ఎక్కలేదు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయమైన ఆధారం చూపినాడు. మంచినీటి తొట్టిలో బంగారుచేపలను, నీటిమొక్కను, నత్తలను కలిపి పెంచినాడు. చేప విడిచిన బొగ్గుపులుసుగాలిని మొక్క గ్రహించును, మొక్క విడిచిన ఆమ్లజనిని చేప పీల్చును, కుళ్ళిన ఆకును నత్త తినివేయును. 1853లో లండను జంతుశాలలో ప్రజలకోసం అక్వేరియం తెరచినారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన ‘ది అక్వేరియం’ వెలువడినది. ఆ మాట లోకంలో స్థిరపడడానికి ఆ పుస్తకమే ముఖ్యకారణం.

మనవంటి లోపలి ప్రాంతాలవారికి పుస్తకం కంటె ముఖ్యమైనది గాస్ అదే సంవత్సరం చేసిన మరొక పని. బ్రైటను దగ్గరి సముద్రజలాన్ని ష్వైట్జర్ అనే రసాయనజ్ఞుడు అంతకుముందే విశ్లేషించి ఉండెను. ఆ లెక్కను పట్టుకొని గాస్ సముద్రజలాన్ని ఇంటిలోనే తయారుచేసినాడు. మామూలు ఉప్పు మూడున్నర ఔన్సులు, ఎప్సమ్ ఉప్పు పావు ఔన్సు, మెగ్నీషియం క్లోరైడు 200 గ్రెయినులు, పొటాసియం క్లోరైడు 40 గ్రెయినులు, వీటికి నాలుగు క్వార్టులకు కొంచెం తక్కువగా నీరు. మన కొలతలలో వరుసగా సుమారు 99, 7, 13, 2.6 గ్రాములు, నీరు నాలుగున్నర లీటర్లు. విద్యార్థులు కూడి, భాగించి చూచినచో లీటరుకు 27 గ్రాములు వచ్చును. అసలు సముద్రంలో సుమారు 35 గ్రాములుండును. కాల్షియం లవణాలు గాస్ జాబితాలో లేవు. అయినను ఈ నీటిలో ముందు నాచు ఉంచి, కొన్ని దినాల తర్వాత జంతువులను విడువగా అవి బ్రతికినవి. సముద్రానికీ తొట్టికీ నడుమనున్న దూరం ఆనాటితో అడ్డుకాకుండ పోయినది.

గొట్టపు అనిమోను ఈ చరిత్రలోనికి ఒక దుకాణం ద్వారా వచ్చినది. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ లండనులో అక్వేరియం సామగ్రి, సజీవ సముద్రప్రాణులు అమ్మెడి వర్తకుడు. గాస్ 1859లో ఒక గొట్టపు అనిమోనును వర్ణించి, ఇతని పేరిట ‘సీరియాంథస్ లాయిడీ’ అని నామకరణం చేసినాడు. ఒక అంగడివాని పేరు జంతుశాస్త్రంలో నిలవడం అరుదే. కాని లాయిడ్ అందుకు తగినవాడు. హాంబర్గులోను, 1871లో తెరచిన క్రిస్టల్ పాలెస్ అక్వేరియంలోను అతడు తొట్ల కంటె పెద్ద చీకటి జలాశయం కట్టించి, నీరు ఎడతెగక తిరుగునట్లు ఏర్పాటుచేసినాడు. నీరు ఎక్కువైనకొద్దీ మాలిన్యం పలుచబడును, చీకటిలో నాచు పెరగదు. జంతువుల మాలిన్యంనుండి పుట్టిన అమోనియాను నైట్రైటుగా, నైట్రేటుగా మార్చే బాక్టీరియాల సంగతి 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ తేల్చినాడు. కొత్తతొట్టిలో ఇవి పెంపొందకముందే అనిమోనును విడుచుట దానిని చంపుటే.

మన దేశంలో 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ పూనికతో మద్రాసు సముద్రతీరాన అక్వేరియం వెలసినది. 1919లో మత్స్యశాఖ చేతికి వచ్చి, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మూతపడినది.

ఈ వినోదానికి సముద్రం మూల్యం చెల్లించినది. గాస్ పుస్తకాలు చదివి జనం తీరాలపై పడి రాతిగుంటలను దోచినారు. ఆ గుంటలు బోసిపోయిన విధాన్ని, అందులో తన తండ్రికి గల పాత్రను అతని కుమారుడు ఎడ్మండ్ 1907లో బాధతో వ్రాసినాడు. ఇండ్లలో పెంచుచున్న గొట్టపు అనిమోనులు నేటికిని చాలవరకు సముద్రంనుండి తీసినవే.

ఎల్లారెడ్డిపేటలో ఒకరు ఈ ప్రాణిని పెంచదలచినచో ఇసుక కనీసం జానెడు లోతుండవలెను. లేదా ప్లాస్టిక్ గొట్టపు ముక్కను ఇసుకలో పాతి అందులో దింపవలెను. దీని దేహంలో సూర్యకాంతితో ఆహారం వండిపెట్టే శైవలాలు లేవు. కావున తీవ్రమైన దీపాలు అనవసరం, రొయ్యముక్కల వంటి మేత అవసరం. మేత చీకటి పడినపిమ్మట ఇచ్చుట మేలు. చిన్నచేపలను దానితో ఉంచరాదు, స్పర్శకాలకు చిక్కును. అసలు శత్రువు మన వేసవి. తొట్టినీరు ఆవిరియైనప్పుడు నీరే పోవును, ఉప్పు మిగులును. తగ్గినంత మేరకు ఉప్పులేని నీరే పోయవలెను; ఉప్పునీరు పోసినచో సాంద్రత నానాటికి పెరుగును. వేడెక్కిన నీటిలో ఆమ్లజని తక్కువగా కరగును. మే నెలలో పంపు ఆగిన కొన్ని గంటలే చాలును.

ఇసుక లోతు కంటె ముందు లెక్కింపవలసినది అనిమోనుల ఆయుర్దాయం. 1828లో స్కాట్లండు తీరాన జాన్ డాలియెల్ పట్టిన సాధారణపు అనిమోను ఒకటి జాడీలో బ్రతికినది. 1851లో ఆయన మరణించినాడు. అది ఒకరి తర్వాత ఒకరి చేతికి మారి, ‘గ్రానీ’, అనగా అవ్వ, అనిపించుకొని 1887లో చనిపోయినది. 1904లో ఆష్‌వర్త్, అన్నండేల్ అనే శాస్త్రజ్ఞులు ఎడింబరోలో సుమారు 50 ఏండ్ల వయస్సు గల అనిమోనులను గూర్చి వ్రాసినారు. ఆ అన్నండేలే మన దేశానికి వచ్చి, చిల్కా సరస్సులోని అనిమోనులను 1915లో వర్ణించి, మరుసటి ఏడు భారత జంతు సర్వేక్షణ సంస్థకు మొదటి డైరెక్టరైనాడు.