ఎవరి వాటం వారిది: గోల్ఫ్ స్వింగ్ వెనుక కథ

ఈసారి కాస్త దూరపు సంగతి రాస్తున్నాం. విదేశాల్లో ఉన్న మన సభ్యులు కొందరు గోల్ఫ్ మొదలుపెట్టారు, పిల్లల్నీ దింపారు. అందరిదీ ఒకటే ఇబ్బంది. వీడియోల్లో ఒక్కొక్క గురువు ఒక్కొక్క స్వింగ్ చెబుతున్నాడు. ఏది పట్టుకోవాలి?

గోల్ఫ్ మన యానాం ఆట కాదు. అది బ్రిటిష్ వాళ్ళు వెంట తెచ్చుకున్న ఆట. కలకత్తాలో 1829లోనే క్లబ్బు పెట్టేశారు. మన దొరలేమో ఫ్రెంచివాళ్ళు. ఆ ఫ్రాన్సులో కూడా 1856లో పో అనే ఊళ్ళో గోల్ఫ్ మొదలుపెట్టింది బ్రిటిష్ వాళ్ళే! ఆట తెలియకపోయినా వాటం అంటే ఏమిటో మనకి తెలుసు. గోదావరి ఒడ్డున విసురువల వేసేవాళ్ళని చూడండి. ఒకాయన వల అంచు పళ్ళ మధ్య పట్టుకుంటాడు, ఇంకొకాయన భుజం మీద వేసుకుంటాడు. నీళ్ళ మీద గుండ్రంగా విచ్చుకుందా లేదా అన్నదే లెక్క.

గోల్ఫ్ స్వింగ్ కూడా అలాగే ఒక్కొక్కరి ఒంటిని బట్టి, చేతిలోని కర్రను బట్టి పుట్టింది. వంద ఏళ్ళ కిందట క్లబ్బు కాడ హికరీ చెక్కతో చేసేవారు. గట్టిగా ఊపితే అది మెలి తిరిగేది. అందుకని మణికట్టుతో, మెత్తగా, లయగా కొట్టేవారు. బ్రిటిష్ ఓపెన్ ఆరుసార్లు గెలిచిన హ్యారీ వార్డన్ క్లబ్బు పైకెత్తినప్పుడు ఎడమ మోచెయ్యి వంగేది. ఇప్పటి కోచ్ చూస్తే ముందు అదే సరిదిద్దుతాడు. ఉక్కు కాడలకు అమెరికాలో 1924లో, బ్రిటన్‌లో 1929లో అనుమతి వచ్చింది. ఉక్కు అంతగా మెలి తిరగదు కాబట్టి కాళ్ళ బలం, నడుం బలం పెట్టి కొట్టొచ్చు. బైరన్ నెల్సన్ ఆ దారి పట్టి 1945లో ఒకే ఏడాది 18 టోర్నమెంట్లు గెలిచాడు. అంటే కర్ర మారితే పద్ధతీ మారింది. పాత పద్ధతి తప్పని ఎవరూ తేల్చలేదు.

ఇక బెన్ హోగన్. మా దృష్టిలో అసలు పాఠం ఈయన దగ్గరే ఉంది. 1957లో వచ్చిన ఆయన పుస్తకం ‘ఫైవ్ లెసన్స్’ని ఇప్పటికీ భగవద్గీతలా చదువుతారు. అయితే హోగన్‌ని ఏళ్ళ తరబడి ఏడిపించిన జబ్బు హుక్. కుడిచేతివాటం వాడు కొట్టిన బంతి గాలిలో ఎడమకి గట్టిగా తిరిగిపోవడం అన్నమాట. దాన్ని ఆపడానికే ఆయన కర్రమీద ఎడమ చేతి పట్టు మార్చుకున్నాడు, ఒంటి కదలిక మార్చుకున్నాడు. పుస్తకంలో ఉన్నది చాలావరకు ఆ మందే. మరి సెలవురోజున ఆడే మామూలు మనిషికి ఉండేది స్లైస్, అంటే బంతి కుడికి పోవడం. హుక్ మందు స్లైస్ ఉన్నవాడు మింగితే ఏమవుతుంది? బంతి ఇంకా కుడికి పోతుంది. పుస్తకం గొప్పదే, రోగి వేరు. పద్ధతి ఎంచుకునే ముందు పది బంతులు కొట్టి, ఎటు తిరుగుతున్నాయో చూసుకోమని మేము చెప్పేది అందుకే.

1954 జూన్ మన ఊరికి మరపురాని నెల. 13వ తేదీ ఆదివారం యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఆ శనివారమే, 19న, అమెరికాలో న్యూజెర్సీలోని బాల్టస్‌రోల్‌లో ఎడ్ ఫర్గోల్ అనే ఆయన యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు, తారీకులు పక్కపక్కన కనబడితే ముచ్చటేసి రాశాం. ఫర్గోల్ చిన్నప్పుడు ఆటస్థలంలో కడ్డీల మీంచి పడి ఎడమ మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ చెయ్యి వంకరగానే ఉండిపోయింది, కురచైపోయింది. గోల్ఫ్ నేర్పేవాళ్ళు మొట్టమొదట చెప్పే సూత్రమేమో ‘ఎడమ చెయ్యి తిన్నగా ఉంచు’! ఆయనకి ఆ సూత్రం పాటించే దారే లేదు. కుడిచేతి బలంతో తనకంటూ ఒక స్వింగ్ కట్టుకున్నాడు. చివరి హోల్‌లో బంతి చెట్లలోకి పోతే, పక్కనున్న వేరే కోర్సులోకి కొట్టి అక్కణ్ణుంచి తిరిగొచ్చాడు. జీన్ లిట్లర్ మీద ఒక్క దెబ్బ తేడాతో నెగ్గాడు. దేశమంతా టీవీలో చూసిన మొదటి యూఎస్ ఓపెన్ అదే.

2005లో జిమ్ హార్డీ అనే గురువు ఈ గందరగోళానికి కొంత తెర దించాడు. స్వింగులు రెండు రకాలన్నాడు. ముందుకి బాగా వంగి, చేతులూ భుజాలూ ఒకే వాలులో తిప్పేది ఒకటి. కాస్త నిటారుగా నిలబడి, భుజాలు ఒక వాలులో తిరుగుతుంటే చేతుల్ని ఇంకా పైకెత్తేది రెండోది. మొదటిదానికి నడుం చురుగ్గా తిరగాలి. రెండోదానికి చేతులకీ ఒంటికీ తాళం కుదరాలి. ఏదైనా మంచిదే గానీ ఇందులోది సగం, అందులోది సగం కలిపితే రెండూ చెడతాయన్నాడు. పది వీడియోలు చూసి మనవాళ్ళు చేస్తున్నది సరిగ్గా అదే.

మన తెలుగువాడి సంగతి చివరికి దాచుకున్నాం. తీగల సాహిత్. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు, అతను కాలిఫోర్నియాలో 1997లో పుట్టాడు. వెన్నెముక పక్కకి వంగి ఉండే స్కోలియోసిస్ ఉంది. తీగల ఇంటిపేరువాడు కదా, ఆ వంపుతోనే అల్లుకుపోయాడు. అతని స్వింగ్ పుస్తకంలో బొమ్మలా ఉండదు. చిన్నప్పట్నించీ ఒకే కోచ్, రిక్ హంటర్. ఆయన పిల్లాణ్ణి బొమ్మలోకి కుక్కలేదు, ఉన్న ఒంటితో బంతిని అటూ ఇటూ వంచడం నేర్చుకోనిచ్చాడు. 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో పెద్ద అవార్డులు మూడూ, హాస్కిన్స్, హోగన్, నిక్లాస్, అతనికే వచ్చాయి. అందులో ఒకటి ఆ బెన్ హోగన్ పేరు మీదే! 2023 సెప్టెంబరులో నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. పీజీఏ టూర్‌లో అది అతని మొదటి గెలుపు.

అలాగని ఎలా కొట్టినా చెల్లుతుందని కాదు. వార్డన్‌కీ ఫర్గోల్‌కీ సాహిత్‌కీ తేడా లేని చోటు ఒకటుంది. బంతిని తాకే క్షణంలో క్లబ్బు ముఖం వాళ్ళు అనుకున్న వైపు చూస్తుంది, అదీ ప్రతిసారీ. అంతవరకూ చేతులు ఏ దారిన వచ్చాయన్నది వాళ్ళ వాటం. పిల్లల్ని కోచ్ దగ్గర చేర్పించే సభ్యులు మొదటి రోజున ఒక్క సంగతి గమనించండి. ఆయన ముందు పిల్లవాడి చేత నాలుగు బంతులు కొట్టించి చూశాడా, చూడకుండానే మోచెయ్యి సరిచెయ్యడం మొదలుపెట్టాడా?