తరగతి కోసం కేసు స్టడీ రాయడం: కారంచేడు ఉదాహరణ

నిజనిర్ధారణ నివేదిక వేరు, తరగతిలో వాడే కేసు స్టడీ వేరు. నివేదిక ఏం జరిగిందో, బాధ్యులెవరో చెబుతుంది. కేసు స్టడీ ఆ సమాచారాన్నే ఒక నిర్ణయం దగ్గర ఆపి, ‘మీరైతే ఏం చేస్తారు?’ అని అడుగుతుంది. మార్కాపురం, గిద్దలూరు విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ కారంచేడు. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. 1985లో ప్రకాశం జిల్లాలోనే ఉండేది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

హత్యల దగ్గర కాదు, నీళ్ల దగ్గర. మాదిగలు తాగే చెరువు నీటిని కమ్మ యువకులు పాడు చేస్తుంటే మాదిగలు అడ్డుచెప్పారు. మర్నాడు, 1985 జులై 17న, మాదిగపల్లెపై దాడి జరిగింది. ఆరుగురు మాదిగలను చంపారు, మహిళలపై అత్యాచారాలు చేశారు. ‘రెండు వర్గాల ఘర్షణ’ అని రాస్తే ఎవరు ఎవరిని చంపారో మాయమైపోతుంది. కులాల పేర్లు రాయాలి. అత్యాచార బాధితుల వివరాలు మాత్రం రాయకూడదు. చట్టం కూడా ఒప్పుకోదు.

ఎక్కడ ఆపాలి?

ప్రాణాలతో బయటపడినవాళ్లు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. మొదటి పేజీని అక్కడ ఆపండి. ఊరికి తిరిగి వెళ్లాలా, చీరాలలోనే ఉండిపోవాలా? కూలి పని, ఇల్లు, పిల్లల చదువు, సాక్షుల రక్షణ: అన్నీ లెక్కలోకి రావాలి. విద్యార్థులు వాదించుకున్నాకే రెండో పేజీ ఇవ్వాలి. బాధితులు చీరాలలోనే స్థిరపడ్డారు. బొజ్జా తారకం, కత్తి పద్మారావు నాయకత్వంలో దళిత మహాసభ ఏర్పడింది. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 డిసెంబరు దాకా, అంటే 23 ఏళ్లు పట్టింది.

ఏ చట్టం?

ఘటన నాటికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం లేదు. అది 1989లో వచ్చి, 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. అందుకే రెండు ప్రశ్నలు అడగండి: 1985లో ఏ చట్టాలు పనికొచ్చేవి? అదే ఘటన ఈరోజు జరిగితే ఏవి వర్తిస్తాయి? దళితులు వాడే నీటిని పాడు చేయడం, వాళ్లను ఇల్లూ ఊరూ వదిలిపోయేలా చేయడం ఇప్పుడు ఆ చట్టంలోని సెక్షన్ 3 కింద నేరాలు. విధుల్లో నిర్లక్ష్యం చూపే అధికారులకు సెక్షన్ 4 ఉంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలని 1995 నిబంధనలు చెబుతున్నాయి.

మన ఊరి కేసు రాసేటప్పుడు

తాగునీటి ఎద్దడి తీరని పడమటి ప్రకాశంలో ట్యాంకర్ ముందు ఏ వీధిలో ఆగుతుంది, బోరు మీటా ఎవరి చేతిలో ఉంది అన్నవి కూడా కేసు స్టడీలే. మనుషుల పేర్లు, ఊరి పేరు మార్చండి. కులం, నీటి వనరు, ఫిర్యాదు ఇచ్చిన తేదీల వరుస మాత్రం మార్చొద్దు. విద్యార్థి విశ్లేషించాల్సింది వాటినే. చూసింది, విన్నది, కాగితం మీద ఉన్నది విడివిడిగా రాయండి. తరగతికి తీసుకెళ్లే ముందు బాధితులకు చదివి వినిపించి, వాళ్ల ఒప్పుకోలు తీసుకోండి. వాళ్లు వద్దన్న వివరం ఎంత బలమైనదైనా తీసేయాలి. తరగతి అయ్యాక మనం వెళ్లిపోతాం, వాళ్లు ఆ ఊళ్లోనే బతకాలి.