చౌక గిటారుకు గొంతు వచ్చిన చరిత్ర

గిటారు సహజంగా మెల్లని గొంతున్న వాద్యం. మీటిన తీగలో పుట్టే కంపనం గుర్రం (బ్రిడ్జి) మీదుగా పైపలకకు చేరి, ఆ పలక బోలుగా ఉన్న పేటికలోని గాలిని కదిలించినప్పుడు వినిపించే నాదం ఒక గదికి సరిపోతుంది గాని, వయొలిన్లూ బాకాలూ మోగే మేళంలో నిలబడలేదు. ఈ కొరత తీర్చడానికి తరతరాలుగా జరిగిన ప్రయత్నాల ఫలితమే నేడు ఎలక్ట్రో అకౌస్టిక్ అనీ, మన దుకాణాల వాడుకలో సెమీ అకౌస్టిక్ అనీ పిలిచే గిటారు. వైరు తగిలించకపోయినా మోగే బోలు పేటిక, కావాలన్నప్పుడు ఆ మోతను విద్యుత్ సంకేతంగా మార్చి ఆంప్లిఫయరుకు పంపే పికప్ అనే పరికరం, రెండూ ఇందులో ఇమిడి ఉంటాయి. దీని చరిత్రను పేరున్న కంపెనీల, పేరున్న కళాకారుల కథగా చెప్పడం పరిపాటి. సామాన్యుడు కొనగలిగిన ధరకు ఇది దిగివచ్చిన తీరును పరిశీలిస్తే మాత్రం తపాలా బట్వాడా, ప్లైవుడ్, ఒక హెలికాప్టర్ల ఇంజనీరు, జపాన్ యెన్ మారకపు విలువ వంటివి ముందుకు వస్తాయి. మంచి వాద్యానికి తగనివని నిపుణులు తోసిపుచ్చిన చౌక పద్ధతులే విద్యుత్తు తోడైన తరువాత అక్కరకు వచ్చిన వైనమూ బయటపడుతుంది.

జర్మనీలోని సాక్సొనీ ప్రాంతపు మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో 1796లో పుట్టిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో న్యూయార్క్ చేరి, కొన్నేళ్లకు పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో స్థిరపడ్డాడు. ఆయన గిటార్లకు బిగించినవి జంతువుల పేగుతో చేసిన నరాలు. వాటి లాగుడు తక్కువ, మోత కూడా తక్కువే. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శన తరువాత అమెరికా అంతటా హవాయి సంగీతం మీద మోజు పెరిగింది, దానితో పాటే ఉక్కు తీగల వాడకమూ పెరిగింది. ఉక్కు తీగ గట్టిగా మోగుతుంది, అంతే గట్టిగా గుర్రాన్ని లాగుతుంది. ఆ లాగుడుకు తట్టుకునేలా లోపలి కమ్మీలను బలపరిచి, మార్టిన్ సంస్థ 1922 నుంచి ఉక్కు తీగల గిటార్లను క్రమంగా తయారు చేయసాగింది. అంతకు ముందే, 1916లో, ఒక సంగీత వ్యాపార సంస్థ కోరిక మీద పెద్ద పొట్ట గల నమూనాను రూపొందించి, దానికి బ్రిటిష్ యుద్ధనౌక డ్రెడ్‌నాట్ పేరు పెట్టారు. ఇవాళ అంగడిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఆకారం అదే. గొంతు పెంచడానికి పేటికను పెంచడం ఒక మార్గమేగాని, ఒడిలో పట్టే వాద్యానికి ఆ మార్గం అక్కడితో ముగిసిపోతుంది.

మార్టిన్ గిటారు ఏనాడూ చౌక సరుకు కాదు. అమెరికాలో పేదవాడికి గిటారు అందించినది షికాగో నగరం. అక్కడ 1892లో విల్‌హెల్మ్ షుల్జ్ నెలకొల్పిన హార్మొనీ కంపెనీని, కేటలాగు వ్యాపారంలో అగ్రగామి అయిన సియర్స్ రోబక్ సంస్థ 1916లో కొనివేసింది. గ్రామాల ఇళ్లకు నేరుగా ఉత్తరాలు చేర్చే పద్ధతి 1896లోనూ, పార్సెల్ తపాలా 1913లోనూ మొదలు కావడంతో, రైలు స్టేషనుకు ఎంతో దూరాన ఉన్న పల్లెవాసి కూడా బొమ్మ చూసి డబ్బు పంపి వాద్యం తెప్పించుకోగలిగాడు. దక్షిణాది రాష్ట్రాలలో పత్తి పొలాల మీద పాలుకు బతికే నల్లజాతి రైతుకు ఇందులో మరో వెసులుబాటు ఉంది: వివక్ష చూపే ఊరి దుకాణదారు ఎదుట నిలబడే అవసరం లేకపోవడం. ఆ కాలపు చౌక గిటార్లకు బర్చ్ వంటి మామూలు కలప వాడి, ఖరీదైన కలప గీతలను పైన రంగుతో చిత్రించేవారు. మార్టిన్ పైపలక కింద కమ్మీలను అడ్డంగా ఖండించుకునేలా అతికిస్తే, వీటిలో నిచ్చెన మెట్ల వరుసలో అతికించేవారు. శ్రమ తగ్గేది, నాదపు లోతూ తగ్గేది. అయినా బ్లూస్ అనే సంగీతంలో గణనీయమైన భాగం ఇలాంటి గిటార్ల మీదే రూపుదిద్దుకుంది. ప్రఖ్యాత గాయకుడు లెడ్ బెల్లీ వాయించిన పన్నెండు తీగల గిటారు స్టెల్లా అనే చౌక బ్రాండుదే. వాద్యం విలువను ధర పట్టీతో కొలిచేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

విద్యుత్తు ఈ రంగంలోకి 1930 దశకంలో వచ్చింది. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టి, దాని మీదుగా ఉక్కు తీగ కంపించినప్పుడు చుట్టలో పుట్టే స్వల్ప విద్యుత్తును పెంచి వినిపించడమే మాగ్నెటిక్ పికప్ పని చేసే సూత్రం. హ్యారీ డిఆర్మండ్ రూపొందించిన, గిటారును కోయకుండానే తగిలించుకోగల పికప్ 1939 ప్రాంతంలో విపణిలోకి వచ్చాక, మామూలు గిటారు ఉన్నవాడు కూడా కొద్ది ఖర్చుతో వేదిక ఎక్కగలిగాడు. అయితే బోలు పేటికకు ఆంప్లిఫయరు జత కలిస్తే ఒక చిక్కు వస్తుంది. స్పీకరు నుంచి వెలువడే మోత పైపలకను మళ్లీ కదిలించి, ఆ కదలిక తిరిగి స్పీకరుకే చేరి, చివరకు చెవులు చిల్లులు పడే కూతగా పరిణమిస్తుంది. దీనినే ఫీడ్‌బ్యాక్ అంటారు. నాదం కోసం ఎంత పలుచగా, ఎంత శ్రద్ధగా పలకను చెక్కితే ఈ బెడద అంత ఎక్కువ.

గిబ్సన్ సంస్థ 1954లో విడుదల చేసిన జె-160ఇ నమూనా ఈ చిక్కును విప్పిన పద్ధతి గమనించదగినది. ఒకే చెక్క నుంచి కోసిన పలకకు బదులు పొరలు అతికించిన ప్లైవుడ్‌ను, అడ్డంగా ఖండించుకునే కమ్మీలకు బదులు నిచ్చెన కమ్మీలను ఆ సంస్థ కావాలనే ఎంచుకుంది. షికాగో కర్మాగారాలు ఖర్చు తగ్గించడానికి చేసిన పనిని గిబ్సన్ కూత తగ్గించడానికి చేసింది. వైరు లేకుండా వాయిస్తే ఆ గిటారు మందకొడిగా మోగేది, అందుకే దానిని మెచ్చుకోని విమర్శకులు ఉన్నారు. లివర్‌పూల్‌లోని ఒక దుకాణంలో 1962లో బీటిల్స్ బృందానికి చెందిన జాన్ లెనన్, జార్జ్ హారిసన్ కొనుక్కున్నవి మాత్రం ఈ నమూనావే. పైగా ఏ కూతను అణచడానికి దానిని అలా నిర్మించారో, అదే కూతను 1964లో బీటిల్స్ ఒక పాట ఆరంభంలో కావాలని వినిపించారు.

మాగ్నెటిక్ పికప్ ఉక్కు తీగ కదలికనే పట్టుకుంటుంది, కలప పలికే తీరును దాదాపు పట్టించుకోదు. ఆ లోటు తీర్చినది పియెజో పికప్. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అదే గుణం గల పింగాణీ పదార్థాలను కృత్రిమంగా, భారీ ఎత్తున తయారు చేయడం సాధ్యమైంది. చేతిగడియారపు అలారంలోనూ, పిల్లల ఆటబొమ్మలోనూ కూత పెట్టే బిళ్ల ఆ జాతిదే. గుర్రం మీద తీగలు ఆనే సన్నని పట్టీ కింద దీనిని అమర్చితే, తీగల ఒత్తిడిలోని ప్రతి హెచ్చుతగ్గునూ అది విద్యుత్తుగా మారుస్తుంది. నైలాన్ తీగలకూ పని చేస్తుంది. ఆ సంకేతం చాలా బలహీనమైనది గనుక దానిని వెంటనే బలపరిచే ప్రీఆంప్ అనే చిన్న సర్క్యూట్ పక్కనే ఉండాలి. ట్రాన్సిస్టర్లూ, 9 వోల్టుల చిన్న బ్యాటరీలూ వచ్చాకే అది పేటిక లోపల ఇమిడింది.

ఈ పద్ధతిని జనానికి పరిచయం చేసినవారిలో ప్రముఖుడు చార్లెస్ కామన్. ఆయన వృత్తి హెలికాప్టర్ల నిర్మాణం, సరదా గిటారు. హెలికాప్టరు రెక్కలలో హానికరమైన కంపనాన్ని అణచడమెలాగో తెలిసిన ఇంజనీర్లు, కోరుకున్న కంపనాన్ని పెంచడమూ నేర్వగలరన్న తర్కంతో 1960 దశకం మధ్యలో కనెటికట్ రాష్ట్రంలో ఓవేషన్ సంస్థను నెలకొల్పాడు. ఆ గిటారు వీపు కలప కాదు. గాజు నారతో పోత పోసిన గుండ్రని ప్లాస్టిక్ బొచ్చె. 1969లో అమెరికన్ టెలివిజన్‌లో మొదలైన తన కార్యక్రమంలో గాయకుడు గ్లెన్ క్యాంప్‌బెల్ దానిని వాయించాడు. మైకు ముందు కదలకుండా కూర్చోనవసరం లేని పియెజో గిటారు అలా ఇంటింటా కనిపించింది. ప్లైవుడ్ పలకతో పని జరుగుతుందని గిబ్సన్ చూపితే, వీపుకు చెక్కే అక్కరలేదని ఓవేషన్ చూపింది. ఓవేషన్ గిటార్లు చౌకవి కాకపోయినా, చౌక గిటారుకు దారి తెరిచినవి అవే.

ఆ దారిన నడిచినవి తూర్పు ఆసియా కర్మాగారాలు. హమామత్సు నగరంలో 1887లో ఒక హార్మోనియం తరహా ఆర్గన్ మరమ్మతుతో ప్రస్థానం ప్రారంభించిన యమహా, 1966లో ఎఫ్‌జీ వరుస గిటార్లను ప్రవేశపెట్టింది. అవి ప్లైవుడ్‌వే అయినా కొలతలు కచ్చితంగా, దండి నిటారుగా ఉండేవి. 1960 దశకం మధ్యలో లక్షల సంఖ్యలో గిటార్లు చేసిన హార్మొనీ కంపెనీ, ఈ పోటీకి తట్టుకోలేక 1975లో మూతపడింది. డాలరుకు 360 యెన్‌లన్న స్థిర మారకం 1971లో సడలి, 1985 తరువాత యెన్ మరింత బలపడడంతో జపాన్ సరుకు ప్రియమైంది. పని దక్షిణ కొరియాకూ, అక్కడ వేతనాలు పెరిగాక ఇండొనేషియాకూ, చైనాకూ తరలింది. కోర్ట్ సంస్థ 2007లో కొరియాలోని తన కర్మాగారాలు మూసివేయగా, ఉపాధి కోల్పోయిన కార్మికుల ఆందోళన 2019 దాకా సాగింది. చౌక గిటారు ధరలో ఆ పన్నెండేళ్లు కూడా కలిసి ఉన్నాయని కొనేవాడికి సాధారణంగా తెలియదు.

ఈ కథలో భారతదేశం మొదట కలప రూపంలో కనిపిస్తుంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ దుర్లభం కావడంతో మార్టిన్ సంస్థ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు, అంటే తెలుగువారు జిట్రేగి అని పిలిచే చెట్టు కలపకు మారింది. అంతర్జాతీయ నిబంధనలు 2017లో ఈ జాతి కలప రవాణాపై ఆంక్షలు విధించి, 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చాయి. ఇక వాడకందారులుగా భారతీయులకు 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు విదేశీ గిటారు అందని సరుకు. కలకత్తా తయారీలే దిక్కు, ధ్వని కావాలంటే రంధ్రానికి అడ్డంగా తగిలించే పికప్ ఒక్కటే ఉపాయం. అయితే విద్యుత్తు తీగ వాద్యానికి ఏం చేయగలదో తెలుగునేల ముందే చూపింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మీటిన వెంటనే నాదం ఆరిపోయే మాండలిన్‌ను విద్యుత్ మాండలిన్‌గా చేపట్టి, కర్ణాటక సంగీతపు గమకాలకు కావలసినంత సేపు స్వరాన్ని నిలిపాడు.

యమహా 2019లో చెన్నై సమీపాన కర్మాగారం తెరిచి, కీబోర్డులతో పాటు గిటార్లనూ ఇక్కడే తయారు చేయసాగింది. నేటి చౌక సెమీ అకౌస్టిక్‌లో సామాన్యంగా ప్లైవుడ్ పేటిక, గుర్రం కింద పియెజో పట్టీ, శ్రుతి చూపే చిన్న తెరతో ప్రీఆంప్ ఉంటాయి. ఒకే ధరలో ఏకచెక్క పైపలకా మంచి పికప్పూ రెండూ ఇవ్వడం కష్టం గనుక తయారీదారు ఏదో ఒక చోట కోత పెడతాడు. ఇంట్లో వాయించేవాడికి పలక ముఖ్యం. గుడి ఉత్సవంలో, చర్చిలో, కళాశాల వేదిక మీద వాయించేవాడికి ప్లైవుడ్ పేటికే మేలు, ఎందుకంటే అది అంత సులువుగా కూత పెట్టదు, కోస్తా ఉక్కపోతకు అంతగా ఉబ్బదు, వేసవి వడగాలికి సులువుగా బీటలు వారదు.