బావులు త్రవ్వించిన గురువు

హిందూపురము నుండి పెనుకొండ మీదుగా ధర్మవరము పోవు రైలులో కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి మన సీమ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రాళ్లగుట్టలు, ఎఱ్ఱనేల, శెనక్కాయ చేలు, ఎండిన చెరువులు. పెన్న, చిత్రావతి మన ప్రక్కనే పారునని బడిలో చదివితిమి గాని, వాటిలో నీరు చూచిన యేండ్లు తక్కువ. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన. అదియు వేళకు రాదు.

ఇట్టి సీమకు 1969లో ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ గారు వచ్చిరి. ఈ సంచికలో ఆయనను గూర్చి వ్రాయబోవుచున్నానని చెప్పగా, గురుపట్టము విడిచినవారి ప్రస్తావన మనకెందుకని ఒకరిద్దరు పెద్దలు అడిగిరి. ఎందుకో చెప్పెదను.

ఆయన 1920లో స్పెయిను దేశమందలి బార్సిలోనాలో జన్మించిరి. యౌవనములో అంతర్యుద్ధమును చూచి, అందులో సైనికుడుగా నుండి, 1944లో యేసు సభలో చేరిరి. 1952లో బొంబాయిలో ఓడ దిగిరి. మహారాష్ట్రములోని మన్మాడు ఆయన పనిస్థలమాయెను. అచ్చట కఱవు రైతులను చూచి ఆయన చేసిన ఆలోచన చాల చిన్నది. రైతు తన పొలములో తానే బావి త్రవ్వుకొనవలెను. త్రవ్వునన్నాళ్లు ఇంటిల్లిపాదికి గోధుమలు, నూనె తాను ఇచ్చును. ఇస్సాకు తన తండ్రి బావులను మరల త్రవ్వించిన కథ మనమందరము ఎఱిగినదే. అయితే ఆ కథ చెప్పుట వేరు, పలుగు పార చేతికిచ్చుట వేరు. బీదరైతు నిలదొక్కుకొనుట ఊరి పెత్తందార్లకు రుచింపలేదు. 1968లో దేశము విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చెను. అప్పుడు ముప్పదివేల మందికి పైగా రైతులు మన్మాడు నుండి బొంబాయికి, సుమారు 250 కిలోమీటర్లు, నడిచిరి. ఫాదర్ గారు కొంతకాలము విదేశమునకు వెళ్లివచ్చునని, మరల ఆయనకు స్వాగతమేనని ప్రధాని ఇందిరాగాంధీ గారు తెలియజేసిరి.

మరుసటి యేడు తిరిగివచ్చినప్పుడు చోటిచ్చినది ఆంధ్రప్రదేశ్. అనంతపురములో గ్రామీణాభివృద్ధి ట్రస్టు, అనగా మన జనులు ఆర్.డి.టి. అని పిలుచు సంస్థ, ఆ విధముగా మొదలాయెను. 1970లో ఆయన యేసు సభను విడిచి, ఆన్ పెర్రీ అను ఆంగ్ల పత్రికా రచయిత్రిని వివాహమాడిరి.

పెద్దల మాట తడబడునది ఇక్కడనే. నేను ఎవరిని తప్పుపట్టను. సభ అనునది విధేయత మీద నిలుచును. ఒక్కొక్కరు తమకు తోచిన దారి పట్టినయెడల సభ మిగలదు. కాని కొత్త ఆలోచన కలిగిన మనుష్యుని లోపలనే ఉంచుకొనుటకు ఏ సంస్థకైనను కొంత ఓపిక, కొంత చోటు కావలెను గదా. ఇద్దరిలో ఎవరికి ఎంత నష్టమో నేను తేల్చలేను. అనంతపురమునకు మాత్రము నష్టము కలుగలేదు.

ఆర్.డి.టి. మతసంస్థ కాదు. బడులు, నీటి పనులు, స్త్రీల సంఘములు, ఆసుపత్రులు ఊరూర విస్తరించెను. ఇండ్లు కట్టించి, వాటిని ఇంటి ఆడమనిషి పేర వ్రాయించిరి. ఆ దినము మగవారి ముఖములు ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును! ఇట్టి పనికి ధనము స్థిరముగా రావలెనని 1996లో స్పెయినులో ఒక ఫౌండేషను స్థాపించిరి. 1998లో ఆ దేశపు ప్రిన్స్ ఆఫ్ ఆస్ట్యూరియాస్ బహుమతి ఆయనకు లభించెను.

2009 జూన్ 19న అనంతపురములో కన్నుమూసిరి. ఆయన సమాధి ధర్మవరమునకు దగ్గరనున్న బత్తలపల్లిలో, ట్రస్టు ఆసుపత్రి ఆవరణలో కలదు. ఎయిడ్స్ రోగులను ఇరుగుపొరుగు గడప త్రొక్కనీయని దినములలో ఆ ఆసుపత్రి వారిని చేర్చుకొనెను. అటువైపు వెళ్లువారు, రోగిని చూడవచ్చినవారైనను సరే, ఒక్క నిమిషము సమాధియొద్ద ఆగి రావచ్చును.