బ్రెయిన్ డెడ్ అన్నారు.. మరి చెయ్యి ఎలా కదిలింది? అసలు విషయం ఇదీ!

వెంటిలేటర్‌పై ఉన్న పేషెంట్ బ్రెయిన్ డెడ్ అని డాక్టర్లు చెప్పాక వేళ్లు కదిలితే? ఏ కుటుంబానికైనా మళ్లీ ఆశ పుడుతుంది, డాక్టర్ల మీద అనుమానమూ వస్తుంది. ఇల్లందు లాంటి అటవీ సరిహద్దు ప్రాంతాల నుంచి ఖమ్మం, వరంగల్, హైదరాబాద్ ఆస్పత్రులకు పరుగులు పెట్టే కుటుంబాలు ఈ విషయాలు ముందే తెలుసుకుంటే మంచిది.

కదలిక ఎక్కడి నుంచి వస్తుంది?

వేడి గిన్నె తగిలితే చెయ్యి ఠక్కున వెనక్కి వస్తుంది. ఆ పని చేయించేది వెన్నుపాము. బ్రెయిన్ డెడ్ అయినా గుండె కొట్టుకుంటుంది కాబట్టి వెన్నుపాముకు రక్తం అందుతూనే ఉంటుంది. అందుకే వేళ్లు అదరొచ్చు, కాలు ముడుచుకోవచ్చు. ఒక్కోసారి రెండు చేతులూ లేచి ఛాతీ మీదకు వస్తాయి. దీన్నే లాజరస్ సైన్ అంటారు. అమెరికా న్యూరాలజిస్ట్ అలన్ రాపర్ 1984లో ఇలాంటి కదలికలను వివరించారు.

ఇవి ఉంటే బ్రెయిన్ డెడ్ కాదు

* సొంతంగా ఊపిరి తీసుకునే ప్రయత్నం
* గొంతులో ట్యూబు కదిపితే దగ్గు రావడం
* లైట్ వేస్తే కంటిపాప చిన్నది కావడం
* నొప్పి కలిగిస్తే ముఖం చిట్లించడం

ఇవన్నీ బ్రెయిన్ స్టెమ్ చేసే పనులు. ఏది వెన్నుపాము కదలికో, ఏది మెదడుదో ఇంటివాళ్లు తేల్చుకోలేరు. కదలిక కనిపిస్తే వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పాలి.

ఎలా నిర్ధారిస్తారు?

1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు పరీక్షించాలి. కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు టెస్టులు చేయాలి. అందులో కీలకమైనది అప్నియా టెస్ట్. ఆక్సిజన్ ఇస్తూనే వెంటిలేటర్ ఆపి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా శ్వాస తీసుకుంటున్నారా లేదా అని చూస్తారు.

పాము కాటు.. పురుగుల మందు.. ఇక్కడే జాగ్రత్త!

కట్లపాము విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే సిగ్నల్‌ను ఆపేస్తుంది. రెప్ప కదలదు, శ్వాస ఉండదు, కంటిపాప కూడా స్పందించకపోవచ్చు. చూడ్డానికి అచ్చం బ్రెయిన్ డెడ్‌లాగే ఉంటుంది. కానీ వెంటిలేటర్, యాంటీ వెనమ్‌తో పూర్తిగా కోలుకున్న వాళ్లున్నారు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. రాత్రి నేల మీద పడుకున్న మనిషిని కాటేసినా తెలియకపోవచ్చు. పురుగుల మందు, నిద్రమాత్రలు, మత్తు మందులు, ఒళ్లు బాగా చల్లబడటం కూడా డాక్టర్లను పొరబాటు పడేలా చేయగలవు. అందుకే ఈ కారణాలేవీ లేవని తేలాకే టెస్టులు మొదలుపెట్టాలి.

ఇంటివాళ్లు ఏం చేయాలి?

* పేషెంట్ ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఏం తాగారు.. ఏదీ దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి.
* రెండు టెస్టులూ ఎప్పుడు చేశారో, ఎవరు చేశారో అడగాలి.
* అవయవదానానికి కుటుంబం అనుమతి తప్పనిసరి. తెలంగాణలో ఈ ప్రక్రియను జీవన్‌దాన్ చూస్తుంది.

కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. కోమాలో ఉన్నవాళ్లు కోలుకునే అవకాశం ఉంటుంది. పద్ధతి ప్రకారం నిర్ధారించిన బ్రెయిన్ డెత్ మాత్రం మరణమే. ఆ తర్వాత చెయ్యి కదిలినా మనిషి తిరిగి రారు.